మొగిలి ఘాటులో హెరాల్డ్

స్పోర్ట్స్ కారు మోజున్న మదనపల్లెవాడికి చేతికందే బండి స్టాండర్డ్ హెరాల్డే అనిపిస్తుంది నాకు. 1961 నుంచి మద్రాసులో తయారైంది. రూపం ఇచ్చింది ఇటలీ డిజైనరు మికెలోటి. ఇదే చాసిస్‌ను కురచ చేసి బ్రిటన్‌లో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెచ్చారు. అంటే మన సంసారపక్షం హెరాల్డ్ ఆ స్పోర్ట్స్ కారుకు అన్న వరస! బానెట్ మొత్తం ముందుకు లేస్తుంది. టైరు మీద కూర్చుని ఇంజను చూసుకోవచ్చు. పుంగనూరు మెకానిక్‌కి అంతకంటే ఏం కావాలి?

తంటా అంతా వెనక చక్రాలతోనే. మలుపులో జోరుగా పోతూ ఠక్కున యాక్సిలరేటర్ వదిలితే చక్రం లోపలికి ముడుచుకుంటుంది. మొగిలి ఘాటులో ఆ సరదా వద్దు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు, కొన్న వెంటనే మార్చేయాలి.

ఇంకో మెలిక ఉంది. యాభై ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద ‘వింటేజ్’గా రాయించుకుంటే గౌరవమే. కానీ ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. పలమనేరు మీదుగా కుప్పంలో పెళ్లికి పోతానంటే కుదరదు. తిరగడానికే కొంటున్నారా, మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి పొడిగించుకోండి.