సన్నజడకు సవరం అండ... ఇందూరు నుంచి బోధన్ దాకా!

పట్టుచీర బీరువాలోంచి బయటికొచ్చింది. మల్లెపూలు మూరలకొద్దీ వచ్చాయి. తీరా పూలు పెట్టుకుందామంటే... జడేమో ఎలుకతోకంత! అప్పుడేం చేయాలి? ఈ ప్రశ్నకు నిజామాబాద్ పట్టణంలోనూ, అక్కణ్నుంచి బోధన్ దాకా పరుచుకున్న చెరకు సీమలోనూ తరతరాలుగా ఓ జవాబుంది. దాన్ని వెతుక్కుంటూ ఓసారి వెళ్లొద్దాం, రండి.

మూడు భాషల జడ

నిజామాబాద్ పాతపేరు ఇందూరు. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఆ మాటే వినిపిస్తుంది. రైలు దిగి గాంధీచౌక్ వైపు నడిస్తే చాలు, బజారు మూడు భాషల్లో మాట్లాడుతుంది. గాజుల దుకాణంలో తెలుగు, పక్కనే ఉర్దూ, సరుకుల కోసం సరిహద్దు దాటి వచ్చినవాళ్ల నోట మరాఠీ. ఫ్యాన్సీ స్టోర్ల గుమ్మాల్లో రిబ్బన్లు, క్లిప్పులు, జడగంటల మధ్య నల్లగా వేలాడుతూ కనిపించేదే మనం వెతుక్కుంటూ వచ్చిన జవాబు... సవరం.

తెలుగువాళ్లు దాన్ని సవరం అంటారు. మరాఠీ ఆడవాళ్లు అడిగేది 'గంగావన్'. రంగుదారాలతో, చివర కుచ్చులతో ఉండే 'పరాందా' ఉత్తరాది నుంచి వచ్చింది. పేర్లు మూడు, పని ఒక్కటే... ఉన్న జుట్టుకు తోడు నిలవడం. ఇక తండాల నుంచి వచ్చే లంబాడీ పెద్దమ్మలది ఇంకో పద్ధతి. చెంపల పక్కన జుట్టుకు ఘుగ్రీ, టోప్లీ అనే ఆభరణాలు వేలాడతాయి. వాటి మెరుపులో జుట్టు ఒత్తా పలుచనా అన్నది ఎవరు చూడొచ్చారు!

సవరం అంటే ఏదో లోపాన్ని దాచుకునే వస్తువు అనుకుంటాం గానీ, మన రంగస్థలం దాన్ని దర్జాగా నెత్తిన పెట్టుకుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడను బయటికి వేయడం ఒక సవాలు. విద్యలో నన్ను మించినవాళ్లుంటే ముందుకు రండి అని దాని అర్థం. ఆ సత్యభామ వేషం కట్టింది తరతరాలుగా మగవాళ్లే. అంటే సభనంతా సవాలు చేసిన ఆ వాలుజడ సవరమేనన్నమాట!

పూసలమ్మ గంప

ఇంతకీ సవరానికి జుట్టు ఎక్కణ్నుంచి వచ్చేది? మన ఇంట్లోంచే. తల దువ్వుకున్నాక దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను అమ్మమ్మలు పారేసేవాళ్లు కాదు. వేలికి చుట్టి, ఉండచేసి, గోడ సందులోనో చూరులోనో దాచేవాళ్లు. వీధిలో పూసలమ్మ కేక వినబడగానే ఆ ఉండలన్నీ బయటికొచ్చేవి. ఆమె గంపలో సూదులు, పిన్నీసులు, పూసలు, దువ్వెనలు, చిన్న అద్దాలు ఉండేవి. వెంట్రుకలిచ్చి వాటిలో ఏదో ఒకటి తీసుకునేవాళ్లు. పక్కనే నిలబడ్డ పిల్లలకు ఒక బుగ్గ దొరికితే అదే పండగ.

ఆ ఉండలను తీసుకెళ్లి చిక్కు విప్పడం ఓపికతో కూడిన పని. కడిగి, ఆరబెట్టి, దువ్వి, పొడవుల వారీగా విడదీయాలి. కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉండేలా సర్దాలి. తర్వాత కుదుళ్ల దగ్గర దారంతో బిగించి పాయలుగా కట్టాలి. మూడు పాయలు కలిస్తే ఒక సవరం. కూతురి పెళ్లికి సవరం కావాలంటే, దాచిన జుట్టునే ఇచ్చి కట్టించుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ జుట్టు తల్లిదీ, అత్తదీ, అక్కదీ కూడా కావచ్చు. పెళ్లికూతురి వీపున వాలిన ఆ జడలో ఇంటిల్లిపాదీ ఉన్నట్టే కదా!

ఖలీల్‌వాడి మాట

గాంధీచౌక్ నుంచి ఖలీల్‌వాడి వైపు వెళితే అడుగడుగునా ఆసుపత్రుల బోర్డులే. సవరం సంగతి సరే, అసలు జుట్టు ఎందుకు పలచబడుతోందో కూడా తెలుసుకోవాలిగా.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున కొత్తది పెరుగుతుంది. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాలొచ్చినా, కాన్పయినా రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. కరోనా తర్వాత చాలామంది ఇళ్లలో ఇదే గోల. చాలావరకు కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

అసలు పట్టించుకోవాల్సింది రక్తహీనతను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువే. నిజామాబాద్ జిల్లా అంటే బీడీలు చుట్టే ఆడవాళ్ల జిల్లా. పొద్దున్నుంచి చాట ఒళ్లో పెట్టుకుని ఆకు, తమాకుతో కూర్చునే ఆ తల్లులకు తమ తిండి సంగతి చివరే గుర్తొస్తుంది. ఒంట్లో ఇనుము తగ్గితే అలసట వస్తుంది, ఆయాసం వస్తుంది, జుట్టూ రాలుతుంది. థైరాయిడ్ తేడా చేసినా అంతే. కాబట్టి ఉన్నట్టుండి జడ సగమైపోతే కొత్త నూనె సీసా కొనేముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. జడ సన్నబడటం కొన్నిసార్లు ఒళ్లు మనకు రాసే ఉత్తరం. దాన్ని చదవకుండా సవరం చాటున దాచకూడదు.

చక్కెర దారిలో...

ఇక బోధన్ బస్సెక్కుదాం. పాతిక కిలోమీటర్ల చిల్లర ప్రయాణం. జానకంపేట, ఎడపల్లి దాటుతుంటే రెండువైపులా పచ్చదనమే. మంజీర నదిమీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లే ఈ నేలకు చెరకు నేర్పాయి. ఆ నీళ్లను నమ్ముకుని కృష్ణా, గోదావరి ప్రాంతాల రైతులూ వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లకు ఇప్పటికీ 'క్యాంపు' అనే పేరు. తంగేడు పూల బతుకమ్మ, సంక్రాంతి ముగ్గు, మరాఠీ కొప్పు... మూడూ కనిపించే సీమ ఇది.

బోధన్‌ను మహాభారతంలోని ఏకచక్రపురమని స్థానికులు చెప్పుకుంటారు. భీముడు బకాసురుణ్ని చంపింది ఇక్కడేనట. చిందు భాగవతానికి పేరు తెచ్చిన చిందుల ఎల్లమ్మ ఊరు అమ్దాపూర్ కూడా ఈ బోధన్ మండలంలోదే. 2005లో కన్నుమూసే దాకా ఆమె పేరు చెబితే ఈ ఊళ్లు ఉప్పొంగిపోయేవి. వేషం కట్టే కళాకారులకు కిరీటం, భుజకీర్తులతో పాటు జుట్టు కూడా కట్టుకునే సామగ్రే. రాత్రంతా ఆడినా చెదరకూడదు మరి!

ఊరి అంచున శక్కర్‌నగర్. 1937లో ఇక్కడ మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. క్రషింగ్ మొదలైతే బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి. చెరకు డబ్బు చేతికొచ్చే కాలమూ, మాఘమాసం పెళ్లిళ్లూ ఇంచుమించు ఒకేసారి వచ్చేవి. బంగారం, బట్టలు, జడకుప్పెలు అన్నీ ఆ లెక్కలోనే. 2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చాలా పొలాలు వరికి మారాయి. మిగిలిన చెరకు వేరే ఊళ్ల మిల్లుల దారి పట్టింది. తిరిగి తెరిపించే మార్గాలు చూడమంటూ 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. చక్కెర వాసన పోయినా ఊరికి శక్కర్‌నగర్ పేరు మాత్రం పోలేదు.

చెరకు కథే వెంట్రుకకూ జరిగింది. పూసలమ్మ గంప స్థానంలో మైకు కట్టుకున్న మోటారుసైకిల్ వచ్చింది. 'వెంట్రుకలు కొంటాం, స్టీలు సామాన్లు ఇస్తాం' అన్న కేక వినని వీధి ఇవాళ లేదు. ఆ ఉండలు ఇప్పుడు మన వీధిలో సవరంగా మారవు. చేతులు మారి మారి సరిహద్దులు దాటుతాయి. చిక్కు విప్పే పని, విగ్గులు కట్టే పని ఇంకెక్కడో జరుగుతుంది. ముడి జుట్టు ఇలా తరలిపోతుంటే ఇక్కడి చేతులకు పని దక్కట్లేదని వ్యాపారులు మొరపెట్టుకున్నారు. చివరికి 2022 జనవరిలో కేంద్రం ముడి జుట్టు ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది.

మొక్కు జుట్టుది మరో దారి. వేములవాడ రాజన్నకో, తిరుమల వెంకన్నకో తలనీలాలిచ్చి వచ్చే కుటుంబాలు ఈ జిల్లాలో కోకొల్లలు. తిరుమలలో ఆ జుట్టును పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారు. 2011 నుంచి ఆ వేలం ఇంటర్నెట్‌లో జరుగుతోంది. విదేశాల్లో లక్షలు పలికే విగ్గుల్లో మన అవ్వల మొక్కులున్నాయంటే ఆశ్చర్యమే! 2004లోనైతే గుడిలో సమర్పించిన జుట్టు తాము వాడకూడదంటూ యూదు మతగురువులు తీర్పు చెప్పారు. దాంతో న్యూయార్క్ వీధుల్లో కొందరు తమ విగ్గులను మంటల్లో వేశారు.

మన జుట్టు అలా లోకం చుట్టి వస్తుంటే, మన ఫ్యాన్సీ స్టోర్‌కి వస్తున్నది నైలాన్ సవరం. చౌక, తేలిక, కాదనలేం. కానీ చిక్కు విప్పి, పాయ కట్టి, దారం బిగించే చేతులు తగ్గిపోతున్నాయి. ఆ పని తెలిసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటే ఒక సవరం కట్టించుకుని చూడండి. పనీ బతుకుతుంది, జడా నిండుతుంది.

బతుకమ్మ చెప్పే కిటుకు

సద్దుల బతుకమ్మ నాడు ఈ ఊళ్లలో పేర్చే బతుకమ్మను గమనించారా? పైకి కనిపించేది తంగేడు, గునుగు. లోపల మాత్రం ఆకులు, తరిగిన కాడలు కూరుతారు. లోపల నింపితేనే పైన పూలు నిటారుగా నిలుస్తాయి. పలచని జుట్టును ఒత్తుగా చూపించడంలోనూ కిటుకు అదే. పైపైన పూయడం కాదు, అడుగున ఆధారమివ్వడం.

అన్నిటికన్నా ముందు నూనె సంగతి. సన్నని వెంట్రుకలకు నూనె పట్టగానే ఒకదానికొకటి అతుక్కుని మాడుకు అంటుకుపోతాయి. కాబట్టి నూనె ముందురోజు రాత్రికే పరిమితం. పొద్దున్నే కుంకుడుకాయతో రుద్దుకుని, తడి ఆరాక సాంబ్రాణి పొగ వేస్తే జుట్టు పొడిపొడిగా విచ్చుకుంటుంది. పాతకాలం వాళ్ల హెయిర్ డ్రయ్యర్ అదే!

రోజూ ఒకేచోట తీసే పాపిట దగ్గర జుట్టు చదునుగా పడిపోతుంది. పాపిటను అంగుళం పక్కకు జరిపి చూడండి, కుదుళ్లు లేచి నిలబడతాయి. తల ముందుకు వంచి ఆరబెట్టుకున్నా అంతే.

ముందు పఫ్ కావాలంటే పైపాయ పక్కకు తీసి, కింది పాయను కొసనుంచి కుదురువైపు రెండు మూడుసార్లు మెల్లగా దువ్వి, పైపాయను దానిమీద కప్పాలి. 1960ల నాటి సినిమా తారల తలకట్టు రహస్యం ఇదే. రోజూ చేస్తే మాత్రం వెంట్రుకలు తెగుతాయి. పండక్కి మాత్రమే.

సవరం కొనేటప్పుడు దుకాణం లైటు కింద కాదు, వీధి వెలుతురులో మీ జడ కొస పక్కన పెట్టి రంగు చూడండి. మెడ దగ్గర ముడి బిగించి, మూడు పాయలకూ మూడు పాయలు కలిపి అల్లండి. అతుకు మీద పూలచెండు పెడితే ఇక ఎవరూ కనిపెట్టలేరు. నైలాన్‌దైతే దీపాలకు, పొయ్యికి దూరంగా ఉండాలి. నిప్పు తగిలితే కరిగి అంటుకుంటుంది. వెంట్రుకలదైతే అప్పుడప్పుడూ కుంకుడు రసంతో కడిగి, నీడలో ఆరబెట్టి, కొస నుంచి పైకి చిక్కు తీసుకుంటూ వచ్చి, గుడ్డలో చుట్టి దాచుకోవాలి.

బరువైన సవరాన్ని లాగి బిగించి రోజుల తరబడి ఉంచుకోకండి. కణతల దగ్గర జుట్టు ఊడేది అందుకే. ఇంటికి రాగానే విప్పేయడమే ఉన్న జుట్టుకు మనం చేసే మర్యాద.

ఈసారి నిజామాబాద్ వెళితే గాంధీచౌక్‌లో ఓ గంట తిరగండి. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే వెంట తీసుకెళ్లండి. అక్కడ వేలాడే సవరాల్లో నైలాన్‌దేదో, వెంట్రుకలదేదో పట్టుకుని చూడమనండి. వేలికి తేడా తెలిసిపోతుంది. తెలిసిన చేయే రేపు మరో జడకు పాయలు కలుపుతుంది.