అమ్మమ్మ ఊళ్లో మంచె

నిజామాబాదులో బస్సెక్కి, ఆర్మూరు దాటి మెట్‌పల్లి రోడ్డు పడితే వస్తుంది మా అమ్మమ్మ ఊరు కమ్మర్‌పల్లి. పసుపు చేలు, మక్క చేలు, వాటి వెనక అడవి గుట్టలు. పసుపు పరిశోధన కేంద్రం కూడా అక్కడే ఉంది.

తాత వయసులో ఉన్నప్పుడు వేటకు పోయేవాడట. కుందేలో, కౌజు పిట్టలో దొరికితే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ పండగే. జొన్నరొట్టెలు, ఎర్రటి కారం కూర! ఒకనాడు అమ్మమ్మ కుందేలును కోస్తే కడుపులో పిల్లలు కనబడ్డాయట. అప్పుడు అమ్మమ్మ కడుపులో మా అమ్మ ఉంది. "ఇగ ఈ పొయ్యి మీద అడవి మాంసం వండ" అని కత్తి పక్కన పెట్టేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మా ఇంట్లో మాత్రం అంతకు చాలా ముందే వచ్చిందన్నమాట!

అందుకే నేను చూసిన వేట వేరు. దసరా సెలవుల్లో మంచె మీద తాత పక్కన కూర్చునేదాన్ని. పగలు చిలకల మీదికి వడిసెల తిప్పడం, రాత్రి అడవి పందులు రాకుండా డబ్బా కొట్టడం. అమ్మమ్మ కాల్చిన మక్క కంకులు తెచ్చేది. నా రాయి ఒక్క పిట్టకూ తగిలేది కాదు. నేను ఏడుపు మొహం పెడితే, "తగలొద్దు బిడ్డా, బెదిరితే చాలు" అనేవాడు తాత.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు, మంచే లేదు. మొన్న ఊరికి పోతే మామయ్య ఇంట్లో మేకుకు ఆ వడిసెల కనిపించింది. మా అమ్మాయి దాన్ని తిప్పుతుంటే, "తగలొద్దు బిడ్డా" అన్నాను. మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.