రాళ్ల నడుమ కార్తీకం

నవంబరు మొదటి వారంలో ఎడిన్‌బరా రాయల్ బొటానిక్ గార్డెన్ చూడాలన్నప్పుడు అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న మా మేనకోడలు నవ్వేసింది. ‘‘పూలన్నీ అయిపోయాక ఏం చూస్తావు మావయ్యా? మే నెలలో రావాల్సింది.’’ మే నెలలో అందరూ పూలు చూస్తారు. నాకు కావలసింది రాళ్లు.

రాక్ గార్డెన్ అనగానే మనకు చండీగఢ్ గుర్తొస్తుంది. విరిగిన గాజులు, పింగాణీ పెంకులతో నేక్‌చంద్ నిలబెట్టిన బొమ్మల లోకం అది. ఎడిన్‌బరా ఇన్వర్‌లీత్ పేటలోని ఈ తోట దారి వేరు. ఇక్కడి రాళ్లు చూడటానికి పెట్టినవి కావు, ఎత్తయిన కొండల మీద బతికే మొక్కలకు ఇల్లుగా పేర్చినవి. 1870ల మొదట్లో జేమ్స్ మెక్‌నాబ్ ఇక్కడ మొదటి రాతితోట వేశాడు. అది గళ్లు గళ్లుగా, మొక్కల లెక్కల పుస్తకంలా ఉండేదట. ఆ కాలంలో రాతితోటలంటే రాళ్లను నిలువుగా గుచ్చడమే. అవి పుడ్డింగు మీద బాదంపలుకులు గుచ్చినట్టున్నాయని రెజినాల్డ్ ఫారర్ అనే ఆయన 1907 నాటి తన పుస్తకంలో వెక్కిరించాడు. మరుసటి ఏడు, 1908లో, తోట అధిపతి ఐజాక్ బెయిలీ బాల్ఫోర్ ఈ రాతితోటను మళ్లీ కట్టడం మొదలుపెట్టి 1914కి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం నడిచేది ఆ బాల్ఫోర్ తోటలోనే. ఇసుకరాయి ఒకచోట, గులకరాళ్లు అతుక్కుపోయి గట్టిపడిన రాయి ఇంకోచోట. నేలలోంచి పొడుచుకొచ్చినట్టే ఉంటాయి, మనుషులు మోసుకొచ్చి పెట్టారంటే నమ్మబుద్ధి కాదు.

ఎడిన్‌బరాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. హైదరాబాద్ వాన కంటే తక్కువే. కానీ మనకు నాలుగు నెలల్లో కుమ్మరించి పోయేది వీళ్లకు ఏడాది పొడుగునా తుంపరగా రాలుతుంది. శీతకాలమంతా నేల ఆరదు. కొండ మొక్కకు చలి శత్రువు కాదు, మంచు కప్పుకుని నెలల తరబడి హాయిగా పడుకుంటుంది. దాన్ని చంపేది కాండం మొదట్లో నిలిచే నీరు. అందుకే మట్టిలో కంకర, మొక్క మెడ చుట్టూ గులకరాళ్లు, నీరు జారిపోయే వాలు. వేరు బండ కిందికి పోయి ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. పూలున్నప్పుడు ఈ ఏర్పాటేదీ కంటికి ఆనదు.

ఒక తోటమాలి మోకాళ్ల కింద చాప లాంటి మెత్త వేసుకుని, దిండులా గుబురుకట్టిన చిన్న మొక్క మీద పడిన ఆకులను ఒక్కొక్కటే వేళ్లతో తీస్తోంది. గాలి ఊదే మిషన్ వాడచ్చు కదా అంటే, కంకర కూడా ఎగిరిపోతుందని చెప్పింది. రెండు వారాలు ఆకు అలాగే ఉంటే దాని కింద మొక్క కుళ్లుతుందట. పైన మేపుల్ చెట్టు ఎర్రగా మండుతుంటే ఫోటోలు తీసుకునేవాళ్ల ధ్యాసంతా దాని మీదే. ఆ అందం రాలిన ప్రతిసారీ ఈవిడకు పని. ఆకురాలు కాలపు రంగుల గురించి రాసేవాళ్లు ఈ పనిని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇక్కడ రంగు చూడాలంటే తల ఎత్తడం కాదు, నడుం వంచాలి. ఒక పొట్టి రోవన్ జాతి ఉంది, చైనా కొండలది, శాస్త్రనామం సోర్బస్ రెడక్టా. ఆకులు ముదురు ఎరుపు నుంచి ఊదాకు తిరుగుతుంటే మధ్యలో గులాబీ రంగు పళ్లు తెల్లబారుతుంటాయి. పక్కనే స్కాట్లాండ్ కొండల సొంత మొక్క, మరుగుజ్జు భూర్జం. నాణెమంత ఆకులు నారింజ రంగులో ఉన్నాయి. పగలు ఎండ, రాత్రి చలి ఉన్న రోజుల్లో ఆకులో చిక్కిన చక్కెరతో ఎరుపు తయారవుతుంది. పసుపు మాత్రం మొదటి నుంచీ ఉన్నదే, పచ్చదనం తప్పుకోగానే బయటపడుతుంది.

సైక్లమెన్ పూలు రాలి, తెల్ల చారల ఆకులు అప్పుడే పరుచుకుంటున్నాయి. పూవు పోయాక దాని కాడ చుట్టలు చుట్టుకుంటూ కాయను నేలకు దించుతుంది. గింజల మీది తీపి కోసం చీమలు వాటిని మోసుకుపోయి రాళ్ల సందుల్లో వదిలేస్తాయి. నాటేవాళ్లు లేకుండానే సందు సందునా సైక్లమెన్ ఉండటానికి కారణం ఇదే.

అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను నిలబెట్టింది జెన్షియానా సైనో-ఆర్నాటా. మబ్బు పట్టినంతసేపూ దాని పూలు ముడుచుకున్న గొట్టాలు. పన్నెండింటికి ఎండ తగలగానే విచ్చుకున్నాయి. ఎర్రబారిన ఆకుల మధ్య అంత గాఢమైన నీలం ఆ రుతువుకు చెందినదిగా అనిపించదు. దీన్ని 1904లో చైనాలోని యునాన్‌లో కనుగొన్న జార్జ్ ఫారెస్ట్ ఈ తోటలో ఎండు మొక్కలను భద్రపరిచే హెర్బేరియంలోనే గుమాస్తాగా మొదలయ్యాడు. అతన్ని చైనా పంపడానికి లివర్‌పూల్ పత్తి వ్యాపారి బుల్లీ డబ్బు పెట్టాడు, బాల్ఫోర్ సిఫార్సు చేశాడు.

తోటలో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ స్మారకం ఒకటుంది, 1779లో అప్పటి తోట అధిపతి జాన్ హోప్ పెట్టించింది. మనవాళ్లు అక్కడ కాసేపు ఆగాలి. ఆ హోప్ దగ్గర చదువుకున్న విలియం రాక్స్‌బరో సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలను పరిశీలించి, దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు రాశాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని రాసింది ఆయనే. 1815లో ఈ ఊళ్లోనే పోయాడు, గ్రేఫ్రయర్స్ శ్మశానంలో సమాధి ఉంది.

బ్రిటన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఎండలున్నప్పుడే టికెట్లు కొంటారు. కుదిరితే ఒక్కసారి అక్టోబరు చివర్లో వెళ్లండి. తోటకు ప్రవేశ రుసుం లేదు. రాతి మెట్లు తడిగా జారుతుంటాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. జెన్షియన్ కోసమైతే ఎండ కాసే రోజు చూసుకుని పొద్దున్నే బయల్దేరండి. ఆ నెలల్లో తోట గేట్లు తొందరగా మూస్తారు.