స్క్రూ ఆఖరికి

పాత బండి స్లోలో నిలబడకపోతే చెయ్యి ముందు వెళ్లేది కార్బొరేటర్ స్క్రూ మీదికే. సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా, ఒక చుట్టు. పొగ ఎక్కువొస్తోందా, ఇంకో అర చుట్టు. బండి గలవాడూ తిప్పుతాడు, పక్కన నిలబడి చూస్తున్న పెద్దమనిషీ ఓసారి తిప్పి చూస్తాడు. స్క్రూ తిప్పాల్సిందే, కాదనను. కాకపోతే అన్నీ అయ్యాక, ఆఖర్న. ట్యూనింగ్ అని మనం పిలిచే పనిలో ముప్పాతిక వంతు, శుభ్రం చేసిన కార్బొరేటర్‌ను తిరిగి ఎక్కించడంలోనే అయిపోతుంది. రాజ్‌దూత్ 350 మీద పని చేసినవాళ్లెవరికైనా ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

యమహా 1973లో జపాన్‌లో తెచ్చిన ఆర్‌డీ 350నే, లైసెన్సు తీసుకుని మన ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి 1989 దాకా ఫరీదాబాద్‌లో రాజ్‌దూత్ 350 పేరుతో తయారు చేసింది. 347 సీసీ, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్. మైలేజీ కోసం జోరు తగ్గించి తెచ్చిన లో టార్క్‌కు 27. బుల్లెట్టు, యెజ్డీ రోడ్లను ఏలుతున్న ఆ రోజుల్లో ఇది వేరే లోకపు బండి. దీనికి సిలిండర్లు రెండు, కార్బొరేటర్లూ రెండు. అసలు కథంతా అక్కడే ఉంది. ఒకటే కార్బొరేటర్ ఉన్న బండిలో చిన్న లోపం దాగుతుంది, సర్దుకుపోతుంది. రెండున్నప్పుడు జోడెడ్లలో ఒకటి వెనకబడినట్టే, బరువంతా రెండోదాని మెడ మీద పడుతుంది.

కార్బొరేటర్‌లో ఆలోచించే భాగమేదీ లేదు. ఇంజన్ గాలి పీలుస్తుంది, ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది, కింద బౌల్‌లో ఉన్న పెట్రోలు జెట్టు గుండా పైకి లేస్తుంది. ఎంత లేవాలన్నది జెట్టు రంధ్రం సైజే నిర్ణయిస్తుంది. అందుకే జెట్టులో తీగ పెట్టి పొడవడం చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. ఇత్తడి మెత్తన. ఒకసారి గీసుకుపోయి రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు మీద చెక్కిన అంకెకు ఇక అర్థం లేదు. నానబెట్టాలి, గాలి కొట్టాలి, వెలుతురుకు ఎత్తి చూడాలి. అప్పటికీ గుండ్రటి వెలుగుచుక్క కనబడకపోతే కొత్తది వేయాలి.

ఇక ఎక్కించడం. యాక్సిలేటర్ తిప్పితే పైకి లేచే స్లైడుకు ఒక పక్క కింద ఏటవాలుగా కోసి ఉంటుంది. ఆ కోత ఎయిర్ ఫిల్టర్ వైపు చూడాలి. పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చుంటేనే స్లైడు పూర్తిగా దిగుతుంది. స్లైడులోంచి వేలాడే నీడిల్‌కు పైన గాట్లుంటాయి, వాటిలో ఒకదాంట్లో క్లిప్పు. క్లిప్పు ఒక గాటు కిందికి పెడితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. రెండు కార్బొరేటర్లలోనూ క్లిప్పు ఒకే గాట్లో ఉండాలి. ఇంత చిన్న విషయం చూసుకోక ఎడమ సిలిండర్ ఒక తీరు, కుడి సిలిండర్ ఒక తీరు నడుస్తున్న బళ్లున్నాయి.

అన్నిటికన్నా మోసం చేసేది కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరు. నలభై ఏళ్ల నాటి రబ్బరు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, వంచి చూస్తే అడుగున సన్నటి పగుళ్లు. అక్కడినుంచి దొంగగాలి దూరుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. నడిరోడ్డు మీద, మంచి వేగంలో. హైదరాబాద్ పుత్లీబౌలిలో స్పేర్లు వెతికే రోజుల్లో ఒక పాత మిస్త్రీ నాతో అన్న మాట ఇది: "తమ్మీ, ముందుగాల ఇస్క్రూ ముట్టకు. గాలి యాడికెళ్లి గుంజుతుందో సూడు." చూసే పద్ధతీ ఆయనే చూపించాడు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్లు వేడెక్కకముందే ఆ రబ్బరు చుట్టూ కొద్దిగా కార్బొరేటర్ క్లీనర్ చల్లాలి. ఇంజన్ చప్పుడు మారిందంటే అక్కడ పగులున్నట్టే. ఇంకేమీ తిప్పకుండా రబ్బరు మార్చాలి.

తర్వాత కేబుళ్లు. హ్యాండిల్ నుంచి బయల్దేరిన ఒక్క కేబుల్ ట్యాంకు కింద మూడుగా చీలుతుంది. రెండు కార్బొరేటర్లకు, మూడోది ఆయిల్ పంపుకు. రెండు స్లైడులూ ఒకే క్షణంలో కదలాలి. దీనికి మీటర్లున్నాయి గానీ, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు వేళ్లు చాలు. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఎడమచేతి బొటనవేలు ఒక కార్బొరేటర్ నోట్లో, చూపుడువేలు రెండోదాని నోట్లో స్లైడు అంచుకు ఆనించి, కుడిచేత్తో యాక్సిలేటర్‌ను వెంట్రుకవాసి తిప్పాలి. ఒక వేలికి కదలిక ముందు తెలిసి రెండోదానికి తర్వాత తెలిస్తే, కేబుల్ అడ్జస్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ పోవాలి. కంటికి అందని తేడా చర్మానికి అందుతుంది. రెండు వేళ్లకూ ఒకేసారి తగిలినప్పుడు కలిగే ఆనందం నేను మాటల్లో పెట్టలేను. ఆ తర్వాతే ఆయిల్ పంపు గుర్తు సరిచూడాలి. ముందు పంపు సరిచేసి తర్వాత కార్బొరేటర్ కేబుళ్లు కదిపితే ఆయిల్ లెక్క తప్పుతుంది. ఆయిల్ తగ్గినా పిస్టన్ పట్టేయడమే.

ఇప్పుడు ట్యాప్ తెరిచి కాసేపు ఊరుకోవాలి. ఓవర్‌ఫ్లో పైపు నుంచి బొట్టు పడితే ఫ్లోట్ దగ్గరో, దాని సూది దగ్గరో నలక ఉంది. పడకపోతే కిక్కు కొట్టి, ఓ రౌండు తిరిగొచ్చి, ఇంజన్ బాగా వేడెక్కాక స్క్రూ పట్టుకోవాలి. ఎయిర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, గట్టిగా నొక్కకుండా, ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పి అక్కడ మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ కార్బొరేటర్‌లో లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది. స్క్రూ ఇంజన్ వైపున్న రకాల్లో ఇది తిరగబడుతుంది. ఎక్కడ ఇంజన్ హాయిగా, గట్టిగా పలుకుతుందో అక్కడ వదిలేసి, వేగం ఎక్కువైతే ఐడ్లింగ్ స్క్రూతో దించాలి. రెండు సైలెన్సర్ల వెనకా రెండు అరచేతులు పెడితే ఊపిరి రెండు పక్కలా ఒకే బలంతో తగలాలి. కొన్ని కిలోమీటర్లు నడిపి ప్లగ్గులు విప్పితే బిస్కెట్ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మసిగా ఉంటే ఎక్కువ. రెండు ప్లగ్గులూ ఒకే రంగులో కనబడితే పని అయిపోయింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. గాలి శుభ్రమవుతుంది, మంచిదే. కానీ వేలితో స్లైడు కదలిక పట్టేవాళ్లు, చప్పుడు విని "కుడిపక్కదానికి తిండి తక్కువైంది" అని చెప్పేవాళ్లు మన ఊళ్లలో తగ్గిపోతున్నారు. వాళ్లకు శిష్యులు దొరకడం లేదు. ఆసక్తి ఉన్న కుర్రాళ్లు ఒక ఆదివారం ఆ మిస్త్రీల షెడ్డులో కూర్చోండి. అడిగితే దాచుకోరు.

బండి ఉన్నవాళ్లకు ఇంకొక్క మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను లాగుతుంది, పాత రబ్బర్లకు పడదు. నిలవున్న పెట్రోలు ఆవిరై జిగురు మిగిల్చితే మొదట మూసుకుపోయేది స్లోలో పెట్రోలిచ్చే సన్నటి పైలట్ జెట్టే. నెల పైబడి బండి తీయకపోతే ట్యాప్ కట్టేసి, రెండు బౌళ్లలోని పెట్రోలూ దించేసి పెట్టండి.