మోటారు సైకిలు మీద భద్రాద్రికి

భద్రాచలం వెళ్ళటానికి రాజమహేంద్రవరం నుంచి సుఖమైన బస్సులున్నాయి. కార్లున్న బంధువులూ మాకు కొద్దిమంది ఉన్నారు. అయినా కార్తీకమాసంలో కాలేజీకి మూడు రోజులు సెలవులు కలిసివచ్చేసరికి, మా పదకొండేళ్ళ బుల్లెట్టు మీదనే వెళ్ళి వద్దామని నాకు బుద్ధి పుట్టింది. నలభయ్యారేళ్ళ మనిషికి ఇదేం సరదా అని మా అమ్మ విసుక్కున్నది. మా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా ఒక సంచీలో చీరలూ, మరొక సంచీలో పులిహోరా సర్దింది. ఆవిడకున్న అభ్యంతరమల్లా హెల్మెట్టు గురించే.

"వెనకాల కూచునేదాన్ని, నాకెందుకండీ ఆ బోర్లించిన కుండ?" అన్నది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షను చదివి వినిపించాను. నడిపేవారికే కాదు, నాలుగేళ్ళు దాటి ఆ బండి మీద కూచున్న ప్రతివారికీ శిరస్త్రాణం ఉండాలి. అదీ ఊరికే తలమీద పెట్టుకుంటే చాలదు, పట్టీ బిగించుకోవాలి. తలపాగా ధరించిన సిక్కులకు మాత్రం మినహాయింపు.

"నా కొప్పు తలపాగా కిందికి రాదా?" అని ఒక వాదం లేవదీసింది గాని, కొప్పు విప్పి జడ వేసుకుని హెల్మెట్టు పెట్టుకున్నది.

ఈ దారిలో పోలీసులు ఆపుతారని తెలిసే బయలుదేరాం. ఒకప్పుడు నక్సలైట్ల కోసం ఆపేవారు. ఇప్పుడు ఎక్కువగా గంజాయి కోసం ఆపుతున్నారు. అదీగాక భద్రాచలం ముంగిట్లో రాష్ట్ర సరిహద్దు ఒకటి. ఆ రోజు మమ్మల్ని మొత్తం నాలుగు చోట్ల ఆపారు. ఎక్కడెక్కడ అన్నది వరసపెట్టి రాయను. అందులో ఒకచోట జరిగింది చెప్పక తప్పదు గనక, ఏ ఊరివారి మీదా నింద పడకుండా ఈ జాగ్రత్త.

మొదటి చోట ఒక యువకుడైన సబిన్‌స్పెక్టరు నమస్కారం పెట్టి మరీ లైసెన్సు అడిగాడు. ఫోనులో డిజీలాకరు తెరిచి చూపించాను. కాగితాలు ఇలా ఫోనులో చూపినా చెల్లుతాయని 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. అతను చూసి, "కొండెక్కాక మీకు సిగ్నలు దొరకదు సార్, కాగితాలు కూడా పెట్టుకున్నారా?" అని అడిగాడు. పెట్టుకోలేదు. మారేడుమిల్లి చేరేలోగా పెట్టుకోవలసిన బుద్ధి అది. దారిలో ఒక జిరాక్సు దుకాణంలో అన్నీ అచ్చు తీయించి పులిహోర సంచీలో దోపాను. ఈ దారిన వెళ్ళేవారు నాలా చెయ్యకండి, ఇంటి దగ్గరే తీయించుకోండి. మా లైసెన్సుకు కొంచెం ఇంగువ వాసన పట్టింది.

గోకవరం దాటాక మైదానం అయిపోతుంది. జీడిమామిడి తోటలు వెనకబడి, గాలి చల్లబడి, రోడ్డు ఒక్కొక్క మెలికా తిరగటం మొదలుపెడుతుంది. రంపచోడవరంలో టీ తాగటానికి ఆగాం. ఈ ప్రాంతానికీ పోలీసులకూ మధ్య లెక్క చాలా పాతది. 1879లో ఇక్కడ లేచిన రంప పితూరీకి కల్లుగీత మీద వేసిన చిగురుపన్ను ఒక కారణమైతే, మన్యంవారి దగ్గర పోలీసులు గుంజిన మామూళ్ళు మరొక కారణం. తరవాత 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుస్టేషను మీద పడ్డాడు. అక్టోబరులో రంపచోడవరం దాకా వచ్చాడు. ఆ తిరుగుబాటుకు మూలాల్లో ఒకటి రోడ్డే. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డులో కూలి సరిగా ఇవ్వకుండా మన్యంవారిచేత చాకిరీ చేయించారు. స్టేషన్లలో తుపాకులు పట్టుకుపోతూ, ఏమేం తీసుకున్నదీ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టేవాడని చరిత్రకారులు రాశారు. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. పోలీసులకే రసీదు ఇచ్చిన మనిషి!

మారేడుమిల్లిలో ఊరంతా బొంగులో చికెను వాసన. వెదురుబొంగుల్లో మాంసం కూరి నిప్పుల మీద కాలుస్తారు. మేము శాకాహారులం గనక వాసనతోనే సరిపెట్టుకుని, జలతరంగిణి దగ్గర నీళ్ళ చప్పుడు వింటూ పులిహోర తిన్నాం. అక్కడి నుంచి చింతూరు దాకా ఘాట్‌రోడ్డు. కార్తీకంలో ఆ కొండలు చూడాలి! వానలు వెలిసి ఆకు ఇంకా ముదురు పచ్చగా ఉంటుంది. పొద్దెక్కినా లోయల్లో మంచు విడవదు. మలుపు మలుపుకీ హారను కొట్టుకుంటూ, ఎదురుగా లారీ వస్తే అంచుకు ఒదుగుతూ వెళ్ళాలి. కారు అద్దాల వెనకనుంచి ఈ చలీ, ఈ తడి ఆకు వాసనా దొరకవు.

ఇక నేను చెప్పదలచిన చోటు. అది కొండ పైనో, కొండ కిందో అనుకోండి. రోడ్డుకు అడ్డంగా రెండు డ్రమ్ములు, పక్కన ఒక బల్ల, నలుగురైదుగురు పోలీసులు. బండి ఆగీ ఆగకముందే ఒక కానిస్టేబులు చెయ్యి చాచి తాళంచెవి లాక్కున్నాడు. చలికి వేసుకున్న జర్కిను కింద అతని పేరు దాగిపోయింది. అరెస్టు చేసే పోలీసుల పేరూ హోదా స్పష్టంగా కనబడాలని 1996లో డి. కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది అరెస్టు కాదు గనక ఆ తీర్పు ఇక్కడ ఎత్తటం న్యాయం కాకపోవచ్చు. కాని తాళం లాక్కున్న మనిషి పేరు తెలుసుకోవాలని ఎవరికైనా ఉంటుంది కదా.

చాలామంది ఒక పొరపాటు మాట నమ్ముతారు, కానిస్టేబులుకు లైసెన్సు అడిగే అధికారమే లేదని. మా స్టాఫ్ రూములోనూ ఈ శాస్త్రం చెప్పేవారున్నారు. అది తప్పు. యూనిఫారంలో ఉన్న ఏ పోలీసు అడిగినా లైసెన్సు చూపవలసిందే. 130వ సెక్షను అలాగే ఉంది. లైసెన్సు పట్టుకుపోవలసివస్తే దానికి బదులు రసీదు ఇవ్వాలని 206వ సెక్షనులో ఉంది. బండిని నిలిపివేయటం గురించి 207లో ఉంది. నేను చదివినంతలో తాళంచెవి లాక్కోమని మాత్రం ఎక్కడా లేదు.

సంచీలు విప్పమన్నారు, విప్పాం. గంజాయి అనుమానమున్నప్పుడు బహిరంగ స్థలంలో సంచీలు సోదా చేసే అధికారం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అర్హులైన ఆఫీసర్లకు ఇచ్చింది. ఒంటిమీద సోదా చేయాలంటే మాత్రం, గెజిటెడ్ ఆఫీసరు ఎదుటనో మెజిస్ట్రేటు ఎదుటనో చేయమని కోరే హక్కు మనిషికుంది. ఆడవారిని ఆడవారే సోదా చేయాలి. ఇదంతా నేను మనసులో వల్లె వేసుకుంటూండగా, మా ఆవిడ తన చేతిసంచీ తానే బల్లమీద గుమ్మరించి, "చూసుకోండి నాయనా, కుంకుమభరిణె మూత మాత్రం తియ్యకండి, గాలికి పోతుంది" అన్నది. పోలీసులు నవ్వారు.

ఇంతలో బల్ల దగ్గరనుంచి హెడ్డు కానిస్టేబులు లేచి వచ్చాడు. "మాస్టారూ! నన్ను గుర్తుపట్టారా? డిగ్రీలో మీ దగ్గర ఛందస్సు చదివాను. ఒక్కనాడూ గణవిభజన సరిగా చెయ్యలేదు" అన్నాడు. తాళంచెవి వెంటనే నా చేతిలోకి వచ్చింది. మా ఆవిడకు కుర్చీ వేశారు. లైసెన్సు చూడనే లేదు.

మా ముందు ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయి. కొండరెడ్ల పిల్లవాడు. పాత బండి వెనక అడ్డాకుల కట్టలు కట్టుకుని పోతున్నాడు. కార్తీక వనభోజనాల రోజులు కదా, విస్తళ్ళకు గిరాకీ. తలమీద హెల్మెట్టు లేదు. లైసెన్సు ఇంటి దగ్గరుంది. అతని తాళంచెవి కూడా ఆ జర్కిను జేబులోనే ఉంది. "మూడొందలు ఇచ్చి పో" అంటున్నాడు కానిస్టేబులు, రహస్యమేమీ లేకుండా. కుర్రాడు నావంక చూశాడు. "సారూ, మీరు ఒక మాట చెప్పండి" అన్నాడు.

ఏమాటకామాటే ఒప్పుకోవాలి. నేను చెప్పలేదు. నా శిష్యుడు కుర్చీ వేసి మర్యాద చేస్తూంటే, అతని చోట తప్పు పట్టటానికి నోరు రాలేదు. "చూడండయ్యా కాస్త" అని ఎవరికీ కాకుండా ఒక మాట గాలిలో పారేసి బండి ఎక్కాను.

నాలుగైదు మైళ్ళు వెళ్ళి ఉంటాం. వెనకనుంచి మా ఆవిడ, "ఏమండీ, ఆ అబ్బాయి తాళం ఇచ్చేసి ఉంటారంటారా?" అన్నది. జవాబు చెప్పకుండా బండి వెనక్కి తిప్పాను.

కుర్రాడు రోడ్డు పక్క రాయిమీద కూచుని ఉన్నాడు. ఎండ తగిలి అడ్డాకుల కట్టలు వాడుముఖం పట్టాయి. నేను హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి, "నాయనా, నా తాళం ఇచ్చావు, అతనిది ఎందుకివ్వలేదు?" అని అడిగాను. లైసెన్సు లేదు కదా మాస్టారూ, అన్నాడు. దగ్గర లేకపోతే పదిహేను రోజుల్లో పంపే వీలు 139వ నిబంధనలోనే ఉంది కదా అన్నాను. బండి వివరాలు అధికారులే ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిచూసుకోగలిగితే కాగితాలు అడగనక్కరలేదని 2020లో చేర్చారు కదా అన్నాను. "ఇక్కడ సిగ్నలు ఎక్కడిదండీ?" అన్నాడు. అదీ నిజమే. చివరికి ఒక హోంగార్డు కుర్రాడి వివరాలు రాసుకుని, సిగ్నలు దొరికే మలుపు దాకా పైకి వెళ్ళి చూసి వచ్చాడు. బండి అతని అన్న పేర ఉంది. ఇన్సూరెన్సు ఉంది. లైసెన్సు నిజంగానే ఉంది.

"మరి ఈ మూడువందల మాటేమిటి? తప్పుంటే చలానా రాయండి. ఏ హోదావారు జరిమానా పుచ్చుకోవచ్చునో ప్రభుత్వం గెజిట్టులో వేస్తుంది. పుచ్చుకున్నదానికి రసీదివ్వండి" అన్నాను. ఆ క్షణాన నాకు నేను బాగానే కనిపించాను.

హెడ్డుగారికి ముఖం చిన్నబోయింది. సబిన్‌స్పెక్టరు జీపు రాగానే చెప్పి చలానా రాయించాడు. హెల్మెట్టు లేనందుకు 194 డి సెక్షను కింద వెయ్యి రూపాయలు. అంతా చట్టప్రకారమే. నేను వేలు పెట్టటానికి ఒక్క అక్షరం లేదు. తాళంచెవి ఇచ్చేశారు.

కుర్రాడు చలానా కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను. వాడు కట్టలవంక చూసుకున్నాడు. "ఇయ్యన్నీ అమ్మినా వెయ్యి రాదు సారూ. మూడొందలతో పోయేది" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు.

చట్టం వాడి పక్షాన ఉన్నదని నేను మొదలుపెట్టిన ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. ఆ వెయ్యీ నేనే కడతానన్నాను. వద్దన్నాడు. మా ఆవిడ మిగిలిన పులిహోర పొట్లం కట్టి ఇస్తే మాత్రం తీసుకున్నాడు. నా ఫోను నంబరు చలానా వెనక రాయించుకున్నాడు.

చింతూరులో శబరి ఒడ్డున చాలాసేపు కూచున్నాం. నీరు తేటగా, తొందర లేకుండా పారుతోంది. కూనవరం వెళ్ళి గోదావరిలో కలవవలసిన నీరు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ చింతూరు మండలం తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. అందువల్ల రామదర్శనానికి సరిహద్దు దాటాలి. అక్కడా ఆపారు. పేరు స్పష్టంగా కనబడుతున్న ఒక యువ ఆఫీసరు లైసెన్సు చూసి తిరిగి ఇచ్చి, "మేడమ్, పట్టీ బిగించుకోండి" అన్నాడు. మా ఆవిడ బిగించుకున్నది.

ఆ సాయంత్రం గుడిమెట్లమీద కూచుని ఆవిడ రామదాసుగారి కథ ఎత్తింది. కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోలకొండ చెరసాలలో పడితే, రామలక్ష్మణులు మారువేషంలో వెళ్ళి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారని కదా ఐతిహ్యం. "అంతటివాళ్ళూ రసీదు అడిగారు, బాగానే ఉంది. కాని మొహరీలు కూడా వాళ్ళే తెచ్చారండీ" అన్నది. నేను ప్రసాదం తింటూ ఊరుకున్నాను.

పది రోజులయ్యాక, నేను క్లాసులో ఉండగా ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. బయటికి వచ్చి తీశాను. ఆ కుర్రాడే. జరిమానా ఎక్కడ కట్టాలని అడిగాడు. మీసేవలో కట్టవచ్చుననీ, నంబరు చూసి కట్టమనీ చెప్పాను. సరేనన్నాడు. కొంచెంసేపు మాట్లాడలేదు, వెనక ఏదో సంత గోల వినిపిస్తోంది.

"హెల్మెట్టు ఎంతుంటది సారూ?" అన్నాడు.

ఐ. ఎస్. ఐ. ముద్ర ఉన్నదైతే వెయ్యి దగ్గర ఉంటుందన్నాను.

"అదీ వెయ్యేనా?" అని నవ్వి ఫోను పెట్టేశాడు.