అబ్బా చేతిలో ఆరీ

పోయిన మే నెలలో గాలివాన వచ్చిన రాత్రి కర్నూలు నుంచి అమ్మీ ఫోన్. "ఝాడ్ కా డాల్ గిర్ గయా బేటా. వెనక రేకుల షెడ్డు మీద పడింది. అల్లా కా షుకర్, ఎవరికీ ఏం కాలేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "మీ అబ్బా పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఆరీతో ఎక్కుతానంటున్నారు. నా మాట వినరు. నువ్వే చెప్పు."

అబ్బాకి 74 ఏళ్లు. గుండెకి రెండు స్టెంట్లు. ఆ వేపచెట్టు నేను పుట్టిన ఏడాది ఆయన నాటింది. ఉర్దూ మీడియం బడిలో నేను దాన్ని 'దరఖ్త్' అని రాశాను, డిగ్రీలో తెలుగు మాస్టారి దగ్గర 'వృక్షం' అని రాశాను. ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఝాడే. దాని కొమ్మలు కోయడం ప్రతి ఏడూ అబ్బా పని. నిచ్చెన మీద ఆయన, కింద నిచ్చెన పట్టుకుని నేను.

నేను వచ్చేదాకా ఆరీ ముట్టుకోనని కసమ్ వేయించుకున్నాను. ఈలోగా ఆయన కొమ్మలు కొట్టేవాళ్లని పిలిచి అడిగారు. 3,500 అన్నారట. "ఏక్ డాల్ కూ సాఢే తీన్ హజార్? ఇంకో రెండు వేలు వేస్తే మిషనే వస్తుంది కదరా" అన్నారు. అలా నేను రాణీగంజ్‌లో చైన్ సా కోసం దుకాణాలు తిరగాల్సి వచ్చింది.

మొదటి దుకాణంలో సస్తా సౌదా చూపించారు. మామూలు గ్రైండర్‌కి బిగించే చైన్ పట్టా. వెయ్యి లోపే. ఇంట్లో గ్రైండర్ ఉంది కదా అనుకుని జేబులో చెయ్యి కూడా పెట్టాను. అప్పుడు మా ఫుప్పూ కొడుకు గుర్తొచ్చాడు. అలాంటి దానితోనే తుమ్మ మొద్దు కోస్తుంటే ఎగిరి తొడ మీద పడింది. 14 కుట్లు. చిన్న గ్రైండర్ నిమిషానికి పదివేల చుట్లకు పైనే తిరుగుతుంది. అది చైన్ కోసం చేసిన మిషన్ కాదు. ఆపడానికి బ్రేక్ ఉండదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

రెండోది పెట్రోల్ మిషన్, 58 సీసీ, 22 అంగుళాల బార్. ధర ఆరేడు వేలు. చూడ్డానికి జబర్దస్త్‌గా ఉంది. ఎత్తి చూస్తే ఆరు కిలోల పైమాటే. అందులో పెట్రోల్‌తో పాటు 2టీ ఆయిల్ కొలత ప్రకారం కలపాలి. ఏడాదికి రెండుసార్లు వాడేవాళ్లకి అసలు తక్లీఫ్ ఇంకొకటుంది. మిగిలిన పెట్రోల్ ట్యాంకులో నెలల తరబడి ఉంటే పాడై కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. మళ్లీ అవసరం వచ్చిన రోజు తాడు లాగి లాగి భుజం పోతుంది. స్టెంట్లున్న మనిషి ఆ తాడు లాగడం ఊహించుకున్నాను. వద్దనుకున్నాను.

మూడోది బ్యాటరీది. అరచేయంత బార్, రెండు వేల చిల్లర. దానిమ్మ, మల్లె కొమ్మలకి సరే. మా కొమ్మ మొదలు పది అంగుళాల మందం.

చివరికి కరెంటు తీగతో నడిచే 16 అంగుళాల మిషన్ తీసుకున్నాను. 2,000 వాట్లు, 5,400 రూపాయలు. కొనేముందు చూసింది మూడే. ముందు చేతికి అడ్డంగా ఉన్న గార్డును నెడితే చైన్ బ్రేక్ పడుతుందా? చైన్‌కి నూనె పోసే ట్యాంకు సరిగా పనిచేస్తుందా? విడి చైన్ దొరుకుతుందా? దానికి తోడు కళ్లద్దాలు, గ్లవ్స్, చైన్ నూనె, గుండ్రటి ఆకురాయి, 2.5 ఎంఎం తీగతో ఎక్స్‌టెన్షన్. సన్నటి తీగ వాడితే అది వేడెక్కుతుంది, మోటారుకీ దెబ్బ. ప్లగ్గు కూడా 16 ఆంప్స్ సాకెట్‌లోనే. అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటింది. బడ్జెట్ అంటే మిషన్ ధర ఒక్కటే కాదని అక్కడ తెలిసింది.

ఆదివారం ఊరికి వెళ్లాను. నిచ్చెన తీయలేదు. పక్కింటి కుర్రాళ్లతో తాడు వేసి కొమ్మని నేల మీదకి లాగాం. అబ్బా అప్పటికే గ్లవ్స్ తొడుక్కుని నిలబడ్డారు. "లా, ముఝే దే" అన్నారు. ఆ చెయ్యి కొద్దిగా వణుకుతోంది. అది ఆయనా చూశారు, నేనూ చూశాను. మా ఇద్దరికీ చూపులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అబ్బా, ఇది తీగ మిషన్. స్విచ్ దగ్గర హుషారైన మనిషి ఉండాలి. నాకు ఏమైనా అయితే ఆ క్షణంలోనే ఆపేయాలి. వేరేవాళ్ల మీద నాకు భరోసా లేదు" అన్నాను. సగం తెలివి, సగం నిజం. ఆయన కాసేపు ఆలోచించి, వెళ్లి స్విచ్ బోర్డు పక్కన కుర్చీ వేసుకున్నారు.

అక్కడినుంచే మష్వరాలు మొదలు. "బార్ కొస తగలనియ్యకు, మొహం మీదకి ఎగురుతుంది." నిజమే, కొస పైభాగం కట్టెకి తగిలితే మిషన్ వెనక్కి తంతుంది. దుకాణంవాడు చెప్పింది నేను ఆయనకి ఒక్కసారే చెప్పాను. "భుజం కంటే పైకి ఎత్తకు." "పొట్టు పిండిలా వస్తోంది, చైన్ మొద్దుబారింది, ఆపు." ప్లగ్గు ఆయనే పీకి, ఆకురాయి ఆయనే పట్టారు. ఆ పనిలో మాత్రం చెయ్యి వణకలేదు.

చెట్టు మొత్తం కొట్టేయమని పక్కింటివాళ్ల సలహా. 2002 వాల్టా చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని నేను అన్నాను. అబ్బాకి చట్టంతో పని లేదు. "మేరే బేటే కే సాథ్ కా ఝాడ్ హై" అన్నారంతే. కట్టెలు నీళ్లపొయ్యికి పోయాయి.

మిషన్‌ని హైదరాబాద్ తెచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తేలేదు, అక్కడే అల్మారా మీద పెట్టి వచ్చాను. పోయిన వారం అమ్మీ ఫోన్‌లో నవ్వుతోంది. వీధి చివరి కుర్రాడెవరో మిషన్ అడగడానికి వచ్చాడట. అబ్బా అతన్ని నిలబెట్టి అడిగారట, "స్విచ్ దగ్గర ఎవరుంటారు?" ఎవరూ లేరన్నాడట.

"అయితే పద, నేనొస్తా" అని చెప్పులేసుకుని బయల్దేరారట.