కంచ గచ్చిబౌలి: అద్దాల మేడల మధ్య 400 ఎకరాలు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అద్దాల బిల్డింగులు చూసి చూసి విసుగొచ్చిందా? సెంట్రల్ యూనివర్సిటీ వైపు రండి. బండలు, తుప్పలు, అదృష్టం ఉంటే ఓ నెమలి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడు. కంచ గచ్చిబౌలి పేరులోని కంచ అదే. క్యాంపస్‌లో పుట్టగొడుగులా నిలబడ్డ 'మష్రూమ్ రాక్' అయితే చూసి తీరాల్సిందే.

ఇక్కడి 400 ఎకరాలను ఉమ్మడి రాష్ట్రంలో ఐఎంజీ భారత అనే స్పోర్ట్స్ సంస్థకిచ్చి, 2006లో వెనక్కి తీసుకున్నారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి కొట్లాడి 2024లో ప్రభుత్వమే గెలిచింది. గెలిచి ఏం చేసింది? వేలం వేసి ఐటీకి ఇద్దామనుకుంది. ఉద్యోగాలొస్తాయి, ఖజానాకి డబ్బొస్తుంది అన్నది దాని వాదన. తీసిపారేసే మాటేం కాదు.

కానీ 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది రోజు, జేసీబీలు దిగాయి. అడ్డుపడ్డ స్టూడెంట్లను పోలీసులు ఎత్తుకెళ్లారు. నెమళ్ల అరుపుల వీడియోలు మన ఫోన్లన్నీ చుట్టేశాయి. వాటిలో కొన్ని ఏఐతో చేసినవని అదో గొడవ! పక్కనున్న బఫెలో లేక్, పీకాక్ లేక్ ఈ 400 ఎకరాల్లోకి రావని ప్రభుత్వం చెప్పింది. సరే, నీళ్లకొచ్చే చుక్కల జింకకి సర్వే నంబరు 25 ఎక్కడ మొదలవుతుందో ఎవరు చెప్పాలి?

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకడం ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయి. వాటిని మళ్లీ ఎలా పచ్చగా చేస్తారో ప్లాన్ తెమ్మని ఏప్రిల్ 16న ప్రభుత్వాన్నే అడిగింది.